పాత పట్టుచీర మళ్ళీ అమ్మే ముందు: తరచుగా అడిగే ప్రశ్నలు

బీరువాలో ఉన్న పట్టుచీరలు అమ్మేద్దామనుకునేవాళ్ళూ, వాటిని కొని మళ్ళీ అమ్ముకునేవాళ్ళూ అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. ప్రతిసారీ వాయిస్ మెసేజ్ పెట్టే బదులు ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు. ఎక్కువ భాగం పట్టుచీరల గురించే, ఎందుకంటే డబ్బు పోయేదీ గొడవలు వచ్చేదీ వాటి దగ్గరే.

## చీర తీసుకునే ముందు

ఒక్కసారి కూడా కట్టని చీర. ఇంక అందులో చూడ్డానికి ఏముంటుంది?

నిజానికి అన్నిటికంటే అనుమానంగా చూడాల్సింది దాన్నే. కట్టే చీరని ఏడాదికి ఒకటి రెండుసార్లయినా విప్పి, ఆరేసి, మళ్ళీ మడతపెడతారు. మడత ప్రతిసారీ అదే గీత మీద పడదు. కట్టని చీర మాత్రం షాపువాళ్ళు వేసిన మడత మీదే, అదే ప్లాస్టిక్ కవర్లో ఏళ్ళ తరబడి పడి ఉంటుంది. ఆ గీత వెంట పట్టుపోగు పెళుసెక్కుతుంది. జరీ ఎక్కువగా ఉన్న కొంగులో, అంచులో ఇంకా తొందరగా చిట్లుతుంది. పైకి తళతళలాడుతూ ఉంటుంది, కుచ్చిళ్ళు పెట్టుకుని కూర్చోగానే మడత వెంట బారుగా చీలిపోతుంది. అందుకే ఎన్నిసార్లు కట్టారన్నది నేను తర్వాత అడుగుతాను. ముందు అడిగేది, ఆఖరుసారి మడత ఎప్పుడు మార్చారని.

అమ్మేవాళ్ళని ఏమేం అడగాలి?

ఎక్కడ కొన్నారు, సుమారు ఏ సంవత్సరం, బిల్లు ఉందా. ఇంట్లో ఉతికారా, డ్రైవాష్ ఇచ్చారా. ఎక్కడైనా రఫ్ఫు, అంటే చిల్లిని పోగులతో అల్లి కలపడం, చేయించారా. బ్లౌజు ముక్క కత్తిరించారా. కలరా ఉండలు వేశారా, వేస్తే చీర మీదే వేశారా. ఇంట్లో ఉతికారంటే దేనితో అన్నది కూడా అడగండి. మామూలు బట్టల సబ్బు క్షారం పట్టు మెరుపుని తినేస్తుంది. బ్లీచింగు నీళ్ళు తగిలిన పట్టు అయితే పోగే కరిగిపోతుంది. జవాబులన్నీ నమ్మాలని కాదు. "అస్సలు ఏమీ లేదండీ, కొత్తదే" అని గబగబా చెప్పేవాళ్ళ చీరని ఇంకాస్త నిదానంగా విప్పి చూడాలని తెలుస్తుంది.

మా అత్తగారు పోయారు. ఆవిడ చీరలు అమ్మొచ్చా? కొనేవాళ్ళకి ఆ సంగతి చెప్పాలా?

అమ్మడంలో తప్పేమీ లేదు. ముందు ఇంట్లో కూతుళ్ళనీ కోడళ్ళనీ మనవరాళ్ళనీ పిలిచి, కావలసినవి తీసుకోమనండి. అమ్మేశాక "ఆ వంకాయరంగు చీర ఏదీ?" అని ఎవరైనా అడిగితే వెనక్కి తేలేరు. కొనేవాళ్ళలో కొందరికి ఈ విషయంలో పట్టింపు ఉంటుంది, కొందరికి ఉండదు. అడగనివాళ్ళకి పనిగట్టుకుని చెప్పక్కర్లేదు, అడిగినవాళ్ళకి అబద్ధం చెప్పకూడదు. ఇక చీర సంగతికొస్తే, ఇలాంటి చీరలు చాలాకాలం కదలకుండా ఉన్నవై ఉంటాయి. మడతలూ, తేమ మరకలూ జాగ్రత్తగా చూడండి.

ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోకూడని చీరలు ఏవి?

మెల్లగా లాగితేనే చిట్లేవి. రంగు దిగి అంచు రంగు చీర ఒంట్లోకి, అంటే మధ్య భాగంలోకి, పాకినవి. బూజు పట్టి వాసన లోపలిదాకా దిగినవి. ప్లాస్టిక్ జరీ పూత ఊడిపోయి తెల్లగా కనిపించేవి. వీటిలో ఏదీ బాగుచేస్తే బాగయ్యేది కాదు.

## చీర విప్పి చూసేటప్పుడు

ఎక్కడ మొదలుపెట్టి ఎలా చూడాలి?

పగటి వెలుతురులో, కిటికీ పక్కన, తెల్ల దుప్పటి పరిచిన మంచం మీద చూడండి. ట్యూబులైటు కింద పసుపు మరక కనిపించదు, రంగు వెలిసిన సంగతీ తెలియదు. లోపలి చెంగు, అంటే కట్టేటప్పుడు ముందుగా నడుము దగ్గర దోపుకునే కొస, దగ్గర మొదలుపెట్టి కొంగు దాకా రెండు చేతుల వెడల్పు చొప్పున జరుపుతూ వెళ్ళండి. మూడుసార్లు చూడాలి. మొదట ముందువైపు, తర్వాత వెనకవైపు, చివరగా వెలుతురుకి ఎదురుగా ఎత్తి పట్టుకుని. చిన్న చిల్లులు, పలచబడ్డ చోట్లు, రఫ్ఫులు ఈ మూడోసారి చూసినప్పుడే బయటపడతాయి.

ఒంటి మీద చీర ఎక్కడ ఏ పని చేస్తుందో ఆలోచిస్తే ఎక్కడ పాడవుతుందో తెలిసిపోతుంది. పాదాల దగ్గర అంచుకి మట్టి, పట్టీలూ మెట్టెలూ తగులుకుని లాగిన పోగులు. కుచ్చిళ్ళు దోపేచోటా, భుజం దగ్గరా పిన్ను చిల్లులు. నడుము దగ్గర చెమట. కూర్చున్నప్పుడు ఒత్తిడి పడే వెనక భాగంలో నేత జరగడం. కొంగులో కూర మరకలు, చేతులు తుడుచుకున్న జిడ్డు. వ్రతాలకి కట్టిన చీరైతే పసుపు, కుంకుమ, అప్పుడప్పుడు అగరొత్తి నిప్పు పడ్డ చిన్న చిల్లి. పెళ్ళిచీరైతే తలంబ్రాల పసుపు తప్పకుండా ఎక్కడో ఒకచోట ఉంటుంది, వెతకండి.

పట్టు బలం ఎలా తెలుస్తుంది? లాగి చూస్తే చిరిగిపోదా?

గట్టిగా లాగక్కర్లేదు. రెండు బొటనవేళ్ళూ అంగుళం ఎడంగా పెట్టి, బట్టని మెల్లగా రెండువైపులా బిగించండి. పడుగు (నిలువు పోగులు) వైపు ఒకసారి, పేక (అడ్డ పోగులు) వైపు ఒకసారి. టిక్కుమని సన్నని చప్పుడు వస్తే పోగు తెగుతోందన్నమాట, అక్కడే ఆపేయండి. చప్పుడు లేకుండా పోగులు పక్కకి జరిగి సందు కనిపిస్తే నేత వదులైందని. మొదట లోపలి చెంగు మూలలో చేసి, తర్వాత మడత గీతల మీద చేయాలి. లోపలి చెంగు గట్టిగా ఉండి మడత దగ్గర మాత్రం చిట్లితే పాడైంది మడతల వరకే. రెండుచోట్లా చిట్లితే ఆ చీర కట్టుకోవడానికి పనికిరాదు, ఎంత అందంగా ఉన్నా సరే. అమ్మేవాళ్ళ చీరకి ఇలా చేస్తుంటే ముందే చెప్పి, వాళ్ళ ఎదురుగానే చేయండి.

అంచు పక్కన పొడవునా సన్నని చిల్లులు ఉన్నాయి. పురుగు కొట్టిందా?

రెండు అంచుల వెంటా, ఒకే వరసలో, దాదాపు సమాన దూరంలో ఉంటే పురుగు కాదు. మగ్గం మీద నేసేటప్పుడు బట్ట వెడల్పు కుంచించుకుపోకుండా అడ్డంగా ఒక కర్ర పెట్టి, దాని మొనల్ని అంచుల్లో గుచ్చుతారు. ఆ గుర్తులవి. చేనేత చీర అనడానికి అవి ఒక ఆనవాలు, కొనేవాళ్ళకి లోపంగా కాక అలాగే చెప్పండి. పురుగు కొట్టినవి అడ్డదిడ్డంగా, ఒక్కోటి ఒక్కో సైజులో, మడతల గుండా రెండు మూడు పొరల్లో ఒకే చోట ఉంటాయి.

ఫాల్ విప్పి చూడాలా?

ఖరీదైన చీర అయితే విప్పాలి, కనీసం ఒక జానెడు. ఫాల్ కింద దాగిన బట్ట అసలు రంగు ఎంతో చూపిస్తుంది. పక్కనున్న బట్టతో పోల్చితే ఎంత వెలిసిందో వెంటనే తెలుస్తుంది. ఫాల్ రంగు చీరకి అంటిందా, ఫాల్ కుంచించుకుని అంచు ముడతలు పడిందా అన్నవి కూడా అప్పుడే కనిపిస్తాయి. పాదాల దగ్గర అంచు కొరికినట్టు ఉంటే కొందరు ఫాల్ కిందికి దించి కుట్టి దాన్ని కప్పేస్తారు. పాత ఫాల్ మురికిగా ఉంటే మార్చేసి అమ్మడమే మంచిది, ఆ చిన్న ఖర్చుకి చీర ముఖమే మారిపోతుంది.

గద్వాల, కంచి చీరల్లో ప్రత్యేకంగా చూడాల్సింది ఏమైనా ఉందా?

ఉంది, అతుకు. సంప్రదాయ గద్వాల చీరలో ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. రెండూ నేతలోనే ఒకదానితో ఒకటి పెనవేసుకుంటాయి. నూలు ఉతికితే కుంచించుకుంటుంది, పట్టు అంతగా కుంచించుకోదు. దాంతో అతుకు దగ్గర లాగుడు పడి, చీర పరిచినా అంచు అలలుగా లేస్తుంది, పోగులు వదులవుతాయి. కంచిలో అంచు వేరే రంగుగా పెట్టి నేసిన చీరల్లోనూ, ఒంటికీ కొంగుకీ మధ్య అతుకు ఉన్నచోటా ఇలాగే చూడాలి. ఆ గీత పొడవునా వేలితో రాస్తూ వెళ్ళండి, వదులైనచోట వేలికే తెలుస్తుంది. అతుకు ఊడితే మామూలు టైలరు మిషను మీద కుట్టేస్తాడు. అలాంటి కుట్టు కనిపిస్తే దాని సంగతి అమ్మేటప్పుడు ఇచ్చే వివరాల్లో రాయాలి.

పోచంపల్లి అని ఇచ్చారు. ప్రింటు కాదని ఎలా తెలుసుకోవాలి?

తిప్పి చూడండి. పోచంపల్లిలో నేసేముందే పోగులకి కట్టుకట్టి రంగు వేస్తారు కాబట్టి వెనకవైపు కూడా డిజైను అంతే స్పష్టంగా ఉంటుంది, ఆకారాల అంచులు కాస్త చెదిరినట్టు ఉంటాయి. వెనక పలచగా ఉండి, ముందు గీత గీసినట్టు ఉంటే ప్రింటు.

జరీ నల్లబడింది. అసలుదా, నకిలీదా?

నల్లబడినంత మాత్రాన నకిలీ కాదు. అసలు జరీలో పట్టుపోగు చుట్టూ వెండితీగ చుట్టి, దానికి బంగారు పూత పెడతారు. వెండి గాలిలోని గంధకంతో కలిసి నల్లబడడం మామూలే. సెంటు, కలరా ఉండలు, కవరుకి వేసిన రబ్బరు బ్యాండు దాన్ని ఇంకా పెంచుతాయి. అసలు జరీ ఇలా మొత్తం మీద నెమ్మదిగా మసకబారుతుంది. రాగితీగ మీద పూత పెట్టిన జరీ ఎర్రగా తిరిగి, తేమ తగిలితే పచ్చగా చిలుము పడుతుంది. ప్లాస్టిక్ జరీ నల్లబడదు, పూత ఊడి తెల్లదారంలా తేలుతుంది.

కొంగు చివర వేలాడే ఒక జరీ పోగుని గోటితో విప్పి లోపలి దారం చూడండి. అసలు జరీలో సాధారణంగా ఎరుపో పసుపో రంగు పట్టుపోగు ఉంటుంది. కానీ రాగి జరీవాళ్ళు కూడా ఎర్రదారం వాడుతున్నారు కాబట్టి ఇది ఒక్కటే చాలదు. ఎంత వెండి ఉందో చెప్పాల్సినంత ఖరీదైన చీరైతే జరీ కొనేవాళ్ళ దగ్గర పరీక్ష చేయించండి. లేకపోతే "జరీ పరీక్ష చేయించలేదు" అని రాసేయండి. అనుమానంతో "ప్యూర్ జరీ" అని రాస్తే తర్వాత వచ్చే టెన్షన్ మీదే.

ఇది అసలైన పట్టేనా అని అడిగితే ఏం చూపించాలి?

సిల్క్ మార్క్ లేబుల్ ఉంటే అదే చాలు. కేంద్ర పట్టు మండలి 2004లో మొదలుపెట్టిన గుర్తు అది. అంతకుముందు కొన్న చీరకి అది ఉండదు, లేదు కదా అని చీరని తీసిపారేయకండి. ఇంకో సంగతి, ఆ లేబుల్ పట్టు గురించే హామీ ఇస్తుంది, జరీ గురించి కాదు. 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్క్ అయితే చేనేత అని చెబుతుంది.

లేబుల్ లేకపోతే లోపలి చెంగు నుంచి పడుగు పోగొకటి, పేక పోగొకటి తీసి విడివిడిగా కాల్చండి. వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, వేళ్ళ మధ్య పొడిగా నలిగే బూడిద అయితే పట్టు. కరిగి గట్టి ఉండ కడితే పాలిస్టర్. కాగితం కాలిన వాసన వస్తే నూలో రేయానో. రెండు పోగులూ ఎందుకంటే, ఒకవైపు పట్టు, ఇంకోవైపు పాలిస్టర్ వేసి నేసిన చీరలు చాలా ఉన్నాయి.

పొడవు కూడా కొలవాలా?

తప్పకుండా. చీర సుమారు ఐదున్నర మీటర్లు, బ్లౌజు ముక్కతో కలిపి ఆరుంబావు దాకా ఉంటుంది. లోపలి చెంగు చిరిగితే కత్తిరించి పికో చేయించేవాళ్ళు ఉంటారు, అందుకే కొన్ని ఐదు మీటర్లకే ఆగిపోతాయి. పొడగరికి, కాస్త ఒళ్ళున్నవాళ్ళకి అది చాలదు. అమ్మమ్మల కాలపు తొమ్మిది గజాల చీరలు ఎనిమిది మీటర్లకి పైనే వస్తాయి, వాటిని ఆ పేరుతోనే అమ్మండి.

బ్లౌజులు, పిల్లల పట్టు లంగాలు తీసుకోవచ్చా?

బ్లౌజులో చంకలు చూసి నిర్ణయం తీసుకోండి. అక్కడ రంగు మారి బట్ట బిరుసెక్కితే ఏ వర్కు ఉన్నా వద్దు. బాగుంటే లోపల ఎంత మార్జిను వదిలారో కొలిచి రాయండి, కొనేవాళ్ళకి సైజు కంటే అదే ముఖ్యం. పిల్లల లంగాలు బాగా అమ్ముడుపోతాయి, ఒక్కో సంక్రాంతికి కట్టి వదిలేసినవే ఎక్కువ. కాకపోతే పిల్ల పెరిగేకొద్దీ విప్పిన టక్కుల గీతలు మిగిలి ఉంటాయి. ఇస్త్రీకి పోని ఆ గీత రంగు తేడాతో కనిపిస్తుంది, ఫొటోలో చూపించండి.

## మరకలు, వాసన, బాగుచేయించడం

మరకలు తీయించి అమ్మాలా, అలాగే అమ్మాలా?

కొత్త నూనె మరక, ధూళి, చెమట లాంటివి మంచి డ్రైక్లీనరు దగ్గర చాలావరకు పోతాయి. పాత పసుపు, తుప్పు, కాటుక, రంగు దిగిన మచ్చ పోవని అనుకునే ధర కట్టండి. ఇంట్లో నిమ్మకాయ, సోడా, టూత్‌పేస్టు ప్రయోగాలు వద్దు. మరక పోకపోగా చుట్టూ తెల్లని మచ్చ పడి, ఉన్న చిన్న లోపం పెద్దదవుతుంది. డ్రైవాష్ ఖర్చు చీర పలికే ధరలో ఎక్కువ భాగం తినేస్తుంటే అలాగే అమ్మండి, మరక ఎక్కడుందో చెప్పి.

కలరా ఉండల వాసన పోవడం లేదు. ఏం చేయాలి?

నీడలో, గాలి ఆడేచోట, నూలు దుప్పటి మీద పరిచి రోజుల తరబడి ఆరనివ్వాలి. మధ్యమధ్యలో తిప్పండి. ఎండలో వేస్తే వాసన తొందరగా పోతుంది, దాంతో పాటు రంగూ పోతుంది. సెంటు కొట్టి కప్పకండి. రెండు వాసనలూ కలిసి ఇంకా ఘోరంగా ఉంటుంది, పైగా జరీకి దెబ్బ. ముక్క వాసన, అంటే తేమ వాసన వస్తుంటే అది వేరే సంగతి, బూజు ఎక్కడుందో వెతకాలి.

రఫ్ఫు చేయిస్తే ధర పెరుగుతుందా?

కనిపించేచోట చిన్న చిల్లి ఉన్న మంచి చేనేత చీరకి పెరుగుతుంది. హైదరాబాదులో పాతబస్తీ వైపు చేతిపనిగా పోగుపోగు కలిపి రఫ్ఫు చేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మంచి పనివాడి చేతిలో పడితే ముందువైపు వెతికినా దొరకదు. మడత వెంట బారుగా చిట్లిన చీరకి మాత్రం డబ్బు తగలేయకండి. రఫ్ఫు చేసిన పోగు గట్టిదే, పక్కనున్న పోగులే గట్టివి కావు. అది మళ్ళీ దాని పక్కనే చిట్లుతుంది.

రోలింగ్ పాలిష్ చేయించి అమ్మితే కొత్తదానిలా ఉంటుంది కదా?

ఉంటుంది, అందుకే నాకు ఇష్టం ఉండదు. వేడి, ఒత్తిడి, కాస్త గంజి కలిపి చీరకి బిగువు తెస్తారు. గట్టి చీరకి నష్టం లేదు. పెళుసుబారిన చీరకి అది చివరి దెబ్బ. చేయించాలనుకుంటే ముందు లాగి చూసి, బలం ఉన్నవాటికే చేయించండి. మీరు కొనేటప్పుడు చీర అప్పడంలా బిగుసుకుని ఉంటే, పాలిష్ వెనక ఏముందో మడతల దగ్గర చూడండి.

## వివరాలు, ధర, ఫొటోలు

"మినిమమ్ యూజ్డ్, నో డ్యామేజ్" అని రాస్తే సరిపోదా?

ఆ మాటలు అందరూ రాస్తారు, ఎవరూ నమ్మరు. దాని బదులు కనిపించింది కనిపించినట్టు రాయండి: "సుమారు పదేళ్ళ చీర. మడతల దగ్గర లాగి చూశాం, గట్టిగా ఉంది. కొంగు చివర శనగగింజంత నూనె మరక. భుజం దగ్గర మూడు పిన్ను చిల్లులు, కట్టుకుంటే కనిపించవు. ఫాల్ కొత్తది. బ్లౌజు ముక్క లేదు." ఇలా రాస్తే బేరం తగ్గుతుందని భయపడతారు కానీ, లోపం ముందే తెలిసినవాళ్ళు దాని గురించి మళ్ళీ గొడవపడరు. గ్రేడులు పెట్టుకోవాలంటే నాకు తెలిసి నాలుగు చాలు: మచ్చలేనిది, కట్టినా బాగున్నది, కనిపించే లోపం ఉన్నది, వేరే బట్టలుగా కుట్టించుకోవడానికి మాత్రమే. ఒక గ్రేడుకీ ఇంకోదానికీ మధ్య సందేహం వస్తే కింది గ్రేడే వేయండి.

ఎంత ధర పెట్టాలి? కొన్నప్పుడు ఇరవై వేలు పెట్టాం.

అప్పుడు పెట్టిన ధర కొనేవాళ్ళకి పట్టదు. అలాంటి చీర ఇవాళ కొత్తది ఎంతకి దొరుకుతోందో చూసి అక్కడి నుంచి దిగాలి. మచ్చలేని చేనేత చీరకి కొత్త ధరలో సగం దాకా అడగొచ్చని నా అభిప్రాయం. కనిపించే లోపం ఉంటే పావు వంతు దగ్గర మొదలుపెట్టండి. కుట్టించుకోవడానికి అయితే అంచూ కొంగూ ఎంత బాగున్నాయన్నదే ధర. ఈ మధ్య పాత కంచి అంచులు కొని లంగాలకి, దుపట్టాలకి వేయించుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు.

చిరిగిన పట్టుచీర జరీకి ఇచ్చేయడం మంచిదా? వీధిలోకి వచ్చేవాళ్ళు అడుగుతున్నారు.

అసలు జరీ అయితే వాళ్ళు చీరని కాల్చి వెండి తీస్తారు. వాళ్ళు కట్టే ధర ఆ వెండికే, నేతకి కాదు. నేత పోయిన చీర అయితే ఇచ్చేయండి, కాకపోతే ఇద్దరు ముగ్గురి దగ్గర అడిగి, వెండి ధర తెలుసుకుని ఇవ్వండి. స్టీలు గిన్నెల కోసం మాత్రం ఇవ్వకండి. అంచు బాగున్న చీరని జరీకి ఇచ్చే ముందు కుట్టించుకునేవాళ్ళని అడగండి, చాలాసార్లు వాళ్ళే ఎక్కువ ఇస్తారు.

ఫొటోలో మరక కనిపించడం లేదు, అయినా చెప్పాలా?

చెప్పాలి. ఫొటోలో కనిపించనిది ఇంట్లో విప్పగానే కనిపిస్తుంది. పక్కన రూపాయి బిళ్ళ పెట్టి దగ్గరగా ఒక ఫొటో, కాస్త దూరం నుంచి ఒకటి తీయండి. రంగు కోసం ఫిల్టర్లు వద్దు. మెరూన్, వంకాయరంగు, నెమలికంఠం రంగులు ఫోను కెమెరాలో సరిగ్గా రావు. రెండు రంగుల పోగులు కలిపి నేసిన చీరకి చిన్న వీడియో తీసి, బట్టని కదిలిస్తూ చూపించండి.

## అమ్మిన తర్వాత

చేరాక చిరుగు ఉందని ఫోన్ చేశారు. మనం పంపినప్పుడు లేదు. ఏం చేయాలి?

పంపేముందే చీర మొత్తం విప్పి, రెండువైపులా వీడియో తీసి ఉంచుకోండి. అటువైపు పార్సిలు విప్పుతూ కత్తిరింపు లేని వీడియో తీయమని డబ్బు కట్టకముందే చెప్పండి. ఈ రెండూ ఉంటే వాదన ఐదు నిమిషాల్లో తేలుతుంది. మడత మీద కొత్తగా చిట్లి ఉంటే, మీ వీడియోలో లేకపోయినా నా సలహా వెనక్కి తీసుకోవడమే. దారిలో తెగేంత పెళుసుగా ఉన్న చీర అమ్మదగ్గది కాదు.

పార్సిల్‌లో ఎలా పెట్టాలి?

పాత మడతల మీద కాకుండా కొత్త మడత వేసి, జరీ లోపలికి వచ్చేలా తిప్పి, ఉతికిన తెల్ల నూలు బట్టలో చుట్టండి. వానాకాలం అయితే ఆ పైన ప్లాస్టిక్ కవరు వేయండి, చేరగానే తీసేయమని చీటీ రాయండి. పిన్నులు, స్టేపుల్స్ ఎక్కడా వద్దు. ఫాల్ విప్పి చూసి ఉంటే మళ్ళీ కుట్టించే పంపాలి, చీటీలో ఆ మాట కూడా రాయండి.